"ఎందుకిట్లయింది మేస్త్రీ?"

(తిరుపతిలో జరిగిన భవన నిర్మాణ పనివాళ్ల సమావేశంలో ఒక బేల్దారి మేస్త్రి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అన్నలకు, తమ్ముళ్లకు, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం.

రేణిగుంట నుంచి, చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చినారు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చినారు. అందుకని సుత్తి లేకుండా విషయంలోకి వస్తాను. లోపలికి వస్తా ఉంటే గేటు దగ్గరే నలుగురు ఒకే ప్రశ్న అడిగినారు: "నైపుణ్య పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుంటే కూలి పెరుగుతుందా అన్నా?" అని. మరుసటి రోజు పొద్దునకే పెరగదు. నాకూ పెరగలేదు. ఆ కాగితం చేతికొచ్చిన నెల కూడా నేను అదే కూలికి, అదే సారువ మీద నిలబడి ఇటుక పేర్చినాను. అయినా మిమ్మల్ని అందరినీ తీసుకోమని చెప్పడానికే వచ్చినాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక ఇంటి సంగతి చెప్పాలి.

2015 మే నెలలో చంద్రగిరి పక్కన ఒక పల్లెలో మిద్దె వేసినాను. ఇల్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయనది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా ఆ ఇంట్లోనే పెట్టినాడు. హాలు పెద్దదిగా ఉండాలని ఆయనకు ఆశ. పిల్లల పెళ్లి మాటలు ఇంట్లోనే జరగాలి, నలుగురూ ఒకేచోట కూర్చోవాలి అని. అందుకే హాలు వెడల్పు 16 అడుగులు పెట్టినాము. ఎండ మండిపోతా ఉంది. కాంక్రీటు గట్టిపడుతోందని, మోసే ఆడవాళ్లు బరువంటున్నారని, మిషన్లో నీళ్లు పోయించినాను. ఎన్ని పోసినామో ఎవరూ లెక్కపెట్టలేదు. మాలు చారు మాదిరి జారుతా ఉంటే పని చకచకా అయిపోయింది. సాయంత్రం ఆరుకు స్లాబు పూర్తి. పాయసం పెట్టినారు, టవళ్లు ఇచ్చినారు, సంతోషంగా ఇంటికి పోయినాము.

ఎనిమిదో రోజుకు ఇంకో ఊర్లో స్లాబుకు సెంట్రింగ్ సామాను కావాల్సి వచ్చింది. స్లాబు కింద ఆనించి నిలబెట్టిన పోట్లు తీయించి లారీ ఎక్కించినాను. మా నాయన కూడా వారానికే తీసేవాడు, నేనూ అదే చేసినాను.

ఆ ఏడాది నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఒకరోజు ఆయన ఫోన్ చేసినాడు. తిట్టలేదు. "ఒకసారి వచ్చి చూసిపో మేస్త్రీ" అన్నాడు. పోయినాను. హాల్లో గిన్నెలు పెట్టి ఉన్నాయి. ఒక ఇత్తడి బిందె, రెండు స్టీలు గిన్నెలు, ఒక ప్లాస్టిక్ బక్కెట్టు. స్లాబు మధ్యలో సన్నగా చీలిక. దాని వెంట వరసగా చుక్కలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి బిందెలో పడుతున్న చప్పుడు. దారం పట్టి చూస్తే మధ్యలో స్లాబు కిందికి దిగినట్టు తెలిసిపోతా ఉంది. ఆయన నా పక్కన నిలబడి ఒక్క మాట అడిగినాడు: "ఎందుకిట్లయింది మేస్త్రీ?"

నా దగ్గర జవాబు లేదు. సిమెంటు బాగలేదేమో అన్నాను. ఇసుకలో మట్టి ఉందేమో అన్నాను. ఆయన ఊరకే తల ఊపినాడు. ఇరవై ఏళ్లు ఇళ్లు కట్టినవాణ్ని, కట్టినదానికి కారణం చెప్పలేకపోయినాను. పైన వాటర్‌ప్రూఫింగ్ నా డబ్బుతోనే చేయించి వచ్చినాను. కారడం ఆగింది. కానీ ఆ ప్రశ్న మాత్రం మూడేళ్లు నా నెత్తి మీద కూర్చుని ఉండింది.

2018లో నైపుణ్య పరీక్ష పెడుతున్నారని తెలిసింది. స్కిల్ ఇండియా, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన అని 2015 జూలైలో మొదలుపెట్టినారు కదా, అందులో ఒక దారి మనలాంటి వాళ్ల కోసమే ఉంది. బడికి పోయి నేర్చుకోకపోయినా, పని చేస్తా చేస్తా నేర్చుకున్నదాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి. ఆర్‌పీఎల్ అంటారు. కన్‌స్ట్రక్షన్ స్కిల్ కౌన్సిల్ వాళ్లు ఏ పనికి ఏం తెలిసి ఉండాలో రాసిపెట్టినారు. బేల్దారి పనికి ఒకటి, టైల్స్ పనికి ఒకటి, రాడ్ బెండర్‌కు ఒకటి, సెంట్రింగ్‌కు ఒకటి. దేశమంతా పనులను మెట్లు మెట్లుగా చేసి లెక్క పెట్టుకున్నారు. నేను పోయినప్పుడు జనరల్ మేసన్ అంటే నాలుగో మెట్టు. ముందు కొన్ని గంటలు కూర్చోబెట్టి చెప్తారు. తర్వాత బయటినుంచి ఒక పరీక్షకుడు వస్తాడు. నేర్పినవాళ్లే పరీక్ష పెట్టకూడదు అనేది అందులో ముఖ్యమైన సంగతి. నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఆ రోజు జరిగింది కాస్త వివరంగా చెప్తాను.

పరీక్షకుడు మా తమ్ముడి కంటే చిన్నవాడు. పేరు, ఆధార్ చూసుకుని, "మూల కట్టండి, ఇంగ్లీష్ బాండ్‌లో, ఏడు వరసలు" అన్నాడు. అది నాకు నీళ్లు తాగినంత పని. ఇటుకలు నానబెట్టినాను, మూలమట్టం పెట్టినాను, దారం కట్టినాను, గుండు వేలాడదీసి చూసినాను. గోడ చెక్కు చెదరలేదు. ఆయన గుండు పెట్టి చూసి, రసమట్టం పెట్టి చూసి మార్కులు వేసుకున్నాడు. అప్పుడు మొదలుపెట్టినాడు.

"ఇటుక ఎందుకు నానబెట్టినారు?"

"నానబెట్టాలి సార్."

"ఎందుకు?"

ఆ మాట వినగానే నాకు చంద్రగిరి హాల్లో బిందె చప్పుడు గుర్తొచ్చింది. కొంచెంసేపు నిలబడి, నెమ్మదిగా చెప్పినాను: ఎండు ఇటుక మాల్లో ఉన్న నీళ్లు పీల్చేస్తుంది, మాలు పట్టు రాకముందే ఎండిపోతుంది అని. "కరెక్ట్. నానబెట్టిన ఇటుక బరువు ఎంతవరకు పెరిగితే ఒప్పుకుంటారు?" అన్నాడు. అది తెలీదు. 24 గంటలు నానబెడితే ఇటుక బరువులో నూటికి 20 వంతులకు మించి నీళ్లు తాగకూడదని అప్పుడే విన్నాను. ఆ రోజు నుంచి కొత్త బట్టీ ఇటుక వస్తే ఐదింటిని కాటా వేసి, నానబెట్టి, మళ్లీ కాటా వేస్తాను. దీనికి ఇంజినీరు అక్కర్లేదు. కూరగాయల కాటా చాలు.

తర్వాత ఒక ఇనుప గొట్టం తెచ్చి పలక మీద పెట్టినారు. కింద వెడల్పు, పైన సన్నం. అడుగున 200 మిల్లీమీటర్లు, పైన 100, ఎత్తు 300. స్లంప్ శంకువు అంటారు, కాంక్రీటు ఎంత జారుగా ఉందో కొలిచేది. మీలో ఎంతమంది దీన్ని సైట్లో చూసినారు? చేతులెత్తండి. ముగ్గురు... నలుగురు. నేనూ అప్పటిదాకా చూడలేదు. "మీరు రోజూ స్లాబుకు ఎట్ల కలుపుతారో అట్లనే కలపండి" అన్నాడు. కలిపినాను. మూడు పొరలుగా నింపి, ఒక్కో పొరను 16 మిల్లీమీటర్ల కడ్డీతో 25 సార్లు పొడవమన్నాడు. పైన తాపీతో చదును చేసి, గొట్టాన్ని నిదానంగా నిటారుగా పైకెత్తినాడు.

కాంక్రీటు నిలబడలేదు. సగం ఎత్తుకు కూలిపోయి, పక్కలకు పారి, పలక అంచు దాటి నేల మీదికి పోయింది. దాని చుట్టూ పాలలాంటి సిమెంటు నీళ్లు చేరినాయి.

ఆయన కోప్పడలేదు. స్కేలు పెట్టి కొలిచి, "మామూలు స్లాబుకు 25 నుంచి 75 మిల్లీమీటర్లు దిగితే సరిపోతుంది, కమ్మి దట్టంగా ఉంటే 100 దాకా పోవచ్చు. ఇది 180 దాటింది" అన్నాడు. తర్వాత ఆ తెల్లటి నీళ్లను వేలితో చూపించినాడు. "ఇదిగో, మీ బలమంతా ఇట్ల కారిపోతోంది. ఎక్కువైన నీళ్లు తర్వాత ఆవిరైపోతాయి. అవి ఉన్న చోటంతా సన్న సన్న బొక్కలు మిగులుతాయి. వాన ఆ బొక్కల్లో నుంచే దిగుతుంది."

చూసినారా! నేను మూడేళ్లుగా వెతుకుతున్న జవాబు ఆ పలక మీద పారుతా ఉంది. సిమెంటూ కాదు, ఇసుకా కాదు. నేను పోయించిన నీళ్లు.

ఎన్ని నీళ్లు పోయాలి అంటే, మనం సిమెంటు 1కి ఇసుక ఒకటిన్నర, కంకర 3 అని కలిపేది ఎం20 కాంక్రీటు. దానికి 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లు దాటకూడదు. ఐఎస్ 456 అనే పుస్తకంలో రాసి ఉంది. 2000లో సవరించినది, కాంక్రీటు పనికి అదే మనకు శాసనం. 20 లీటర్ల పెయింటు డబ్బా ప్రతి సైట్లోనూ ఉంటుంది కదా. బస్తాకు ఒకటిన్నర డబ్బా. అంతే. ఇసుక తడిసి ఉంటే అందులో ఉన్న నీళ్లు కూడా ఈ 30లోనే లెక్క, అంత తగ్గించి పోయాలి. కంకర, ఇసుక కూడా బొచ్చెలతో కొలిస్తే ఒకామె నిండుగా ఎత్తుతుంది, ఇంకొకామె వెలితిగా ఎత్తుతుంది. ఆ తప్పు వాళ్లది కాదు, కొలత ఇవ్వని మేస్త్రిది. బస్తా సిమెంటు పరిమాణం సుమారు 35 లీటర్లు. 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 39 లోతు ఉండేటట్టు ఒక చెక్క పెట్టె కొట్టించుకోండి. సెంట్రింగ్ చెక్క ముక్కలతో సాయంత్రం గంటలో అయిపోతుంది. ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర.

ఇక పోట్ల సంగతి. అదీ అదే పుస్తకంలో ఉంది. స్లాబు వెడల్పు నాలుగున్నర మీటర్లలోపు ఉంటే పోట్లు 7 రోజులకు తీయొచ్చు. అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల దాకా 14, అంతకు మించితే 21. ఇది మామూలు సిమెంటుకు. ఇప్పుడు మనం ఎక్కువగా వాడే పీపీసీకి, అంటే బూడిద కలిపిన సిమెంటుకు, ఇంకా ఓపిక పట్టాలి. నాలుగున్నర మీటర్లంటే 14 అడుగుల 9 అంగుళాలు. నేను వేసిన హాలు 16 అడుగులు. మా నాయన వారానికి తీసినప్పుడు ఆయన కట్టిన గదులు 10 అడుగులు, 11 అడుగులు. ఆయనకు అది సరిపోయింది. ఆయన దగ్గర రోజుల లెక్క నేర్చుకున్నాను, గది వెడల్పు చూడాలని నేర్చుకోలేదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక పెద్దాయన పొద్దున నాతో అన్న మాట చెప్పాలి. "చంద్రగిరి కోటలో రాజమహలు కట్టినవాళ్లకు ఏ సర్టిఫికెట్ ఉండిందప్పా? ఇప్పటికీ నిలబడి ఉంది కదా" అన్నాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆ మహల్లో దూలాలకు కర్ర వాడలేదు. రాయి, ఇటుక, సున్నం. అంతే. నేను ఎన్నిసార్లు పోయినా ఆ కమానుల కింద నిలబడి పైకి చూస్తా ఉండిపోతాను. కానీ పెద్దాయనా, ఆ పని తరతరాలుగా ఒకే సామానుతో చేసినవాళ్ల పని. తాత చేసిన తప్పు మనవడికి తెలిసేది. గానుగ సున్నం నిదానంగా గట్టిపడుతుంది, తప్పుంటే పైకి కనపడుతుంది, గోడ పొట్ట వస్తుంది, గార ఊడుతుంది. మన పల్లెల్లో కమ్మీ కాంక్రీటు మిద్దెలు వచ్చి ఎన్నేళ్లయింది? మా తాత మట్టిమిద్దె వేసినాడు. మా నాయన కాలానికి ఆర్‌సీసీ వచ్చింది. అంటే నాది రెండో తరం. రెండు తరాల అనుభవంతో మనం మూడంతస్తులు వేస్తా ఉన్నాము. పైగా కాంక్రీటులో తప్పు లోపలే దాక్కుంటుంది. పైన నున్నగా పూసేస్తాము, రంగు వేసేస్తాము, గృహప్రవేశం అయిపోతుంది. పదేళ్లకు బయటపడుతుంది. అప్పటికి మనం యాడ ఉంటామో.

కమ్మి పలకకు ఆనకుండా కింద పెట్టే కవర్ బిళ్లల సంగతే చూడండి. స్లాబుకు కమ్మి కింద 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40, పునాదికి 50 కాంక్రీటు ఉండాలి. మనమేం చేస్తాము? చేతికి దొరికిన కంకర రాయి ఒకటి కమ్మి కింద తోసేస్తాము. కాంక్రీటు పోసేటప్పుడు తొక్కిడికి రాయి జారిపోతుంది, కమ్మి పలక మీద పడుకుంటుంది. కమ్మికి తడి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, దాని మొదటి పరిమాణానికి రెండు మూడింతలవుతుంది. లోపలినుంచి కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొస్తుంది. తిరుపతిలో పాత ఇళ్ల సన్‌షేడ్ల కింద పెచ్చులూడి ఎర్రటి కమ్మి పళ్లికిలిస్తుందే, అది అదే. మిగిలిపోయిన సిమెంటు మాలుతో సాయంత్రం పూట బిళ్లలు పోసుకుని, బైండింగ్ వైరు గుచ్చిపెట్టుకుంటే అయ్యే ఖర్చు ఎంత? టీ ఖర్చు కూడా కాదు. ఆ బిళ్లలను కూడా నీళ్లలో వేసి క్యూరింగ్ చేయండి.

రాడ్ బెండర్ తమ్ముళ్లు చాలామంది వచ్చినారు, వాళ్లకు రెండు మాటలు. పిల్లరు, బీము కమ్ముల చుట్టూ కట్టే రింగు కొనను 90 డిగ్రీలకు వంచి వదిలేయవద్దు, లోపలికి 135 డిగ్రీలకు వంచండి. భూమి కదిలినప్పుడు 90 డిగ్రీల కొక్కెం విప్పుకుంటుంది. రెండోది, కమ్మి బరువు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం అంటే 144ను 162తో భాగిస్తే 0.888. పన్నెండు మీటర్ల కడ్డీ పది కిలోల ఆరువందల యాభై గ్రాముల చిల్లర తూగాలి. బాగా తక్కువ తూగితే ఇంటివాళ్లకు చెప్పండి. డబ్బు వాళ్లది, కానీ నమ్మి మన చేతిలో పెట్టినారు.

ఇప్పుడు మా ఇంటామె సంగతి. ఆమె కూడా నాతోనే పరీక్షకు వచ్చింది. పదహారేళ్లు మాలు మోసింది, ఇటుక అందించింది. మధ్యాహ్నం మేము అన్నం తిని నడుం వాల్చినప్పుడు ఆమె నా తాపీ తీసుకుని గోడకు పూసి చూసుకునేది. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ని. ఆ రోజు పరీక్షకుడు "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే "కూలి" అంది. పూత పూయమన్నాడు. నిలువు పట్టీలు తీసుకుని, మధ్యలో మాలు కొట్టి, పలకతో రుద్దింది. ఆయన ఆరడుగుల బద్ద పెట్టి చూసినాడు. బద్ద కింద వెలుతురు కనపడలేదు. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. ఆమెకు వచ్చిన కాగితం మీద కూలి అని లేదు, అసిస్టెంట్ మేసన్ అని ఉంది. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది. ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో పెద్దగా మాటల్లేవు. మరుసటి వారం నుంచి ఆమె కూలి మేస్త్రి కూలి. నేనే ఇచ్చినాను, పదహారేళ్లు ఆలస్యంగా. ఇక్కడున్న మేస్త్రీలందరినీ అడుగుతున్నాను, మీ దగ్గర పూత తెలిసిన ఆడమనిషి ఎంతమంది ఉన్నారు, వాళ్లకు ఏ పేరుతో కూలి ఇస్తున్నారు?

సర్టిఫికెట్‌తో ఏం వస్తుంది, ఏం రాదు అనేది కూడా స్పష్టంగా చెప్తాను. లేకుంటే రేపు నన్ను అడుగుతారు.

ప్లాను మీద సంతకం పెట్టే హక్కు రాదు. అది ఎల్‌టీపీ పని, అంటే ప్లాన్లు గీయడానికి లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి పని. కమ్మి ఎంత, పిల్లరు ఎంత లావు అని లెక్క కట్టేది స్ట్రక్చరల్ ఇంజినీరు. "నాకు సర్టిఫికెట్ ఉంది, ఇంజినీరు ఎందుకు" అని ఇంటివాళ్లతో అనొద్దు. ఇంజినీరు గీసిన గీత చదివి, అర్థం కాకపోతే ధైర్యంగా అడిగే మనిషి కావడానికే ఈ చదువు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లు గానీ కట్టి అమ్మాలంటే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ చట్టం కింద, రిజిస్ట్రేషన్ వేరే చేసుకోవాలి. ఆ చట్టం 2016లో వచ్చింది. దాని ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. మన చిన్న ఇళ్లకు ఆ చట్టం వర్తించకపోవచ్చు. నేను మాత్రం 2018 నుంచి కట్టిన ప్రతి ఇంటికీ ఐదేళ్లు నాదే బాధ్యత అని వంద రూపాయల కాగితం మీద రాసిస్తున్నాను.

వచ్చేదేమిటంటే, పెద్ద కంపెనీల పనుల్లో గేటు దగ్గర అడుగుతారు. చెన్నై పోయినా, బెంగళూరు పోయినా, శ్రీసిటీ వైపు పోయినా, ఈ కాగితం చూపిస్తే నువ్వెవరి మనిషివి అని అడగరు. ఇంటివాళ్లు కూడా మారినారు. ఈ మధ్య ఒక టీచరమ్మ నలుగురు మేస్త్రీలను పిలిచి ఒకే ప్రశ్న అడిగింది, "క్యూరింగ్ ఎన్ని రోజులు చేస్తారు, ఎందుకు?" అని. ముగ్గురు రోజులు చెప్పినారంట. నేను ఎందుకో కూడా చెప్పినాను. సిమెంటు ఎండి గట్టిపడదమ్మా, నీళ్లు తాగి గట్టిపడుతుంది, తాగడానికి నీళ్లు లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది, మన తిరుపతి ఎండకు పది రోజులకు తగ్గకూడదు, పీపీసీకి పద్నాలుగు పెట్టుకుందాం అన్నాను. వేసవిలో ట్యాంకరు నీళ్లకు అయ్యే డబ్బు కూడా ముందే లెక్కలో రాసి చూపించినాను. పని నాకే ఇచ్చింది. నా రేటు మిగతావాళ్ల కంటే ఎక్కువే.

ఒక హెచ్చరిక. ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేసినారు, మూడు వేలిస్తే పరీక్ష లేకుండానే కాగితం ఇంటికి పంపిస్తామని. ఒక చోట శిక్షణ అని పేర్లు రాసుకుని, ఫొటోలు తీసుకుని, తాపీ ముట్టకుండానే అందరినీ పాస్ చేసింది నా కళ్లతో చూసినాను. నాకు అది చూసి కడుపు మండింది. అట్లాంటి కాగితం పట్టుకున్నవాడు రేపు ఒక కండక్టరు డబ్బుతో స్లాబు వేస్తాడు. నిజమైన సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్‌తో చూస్తే మీ పేరు, మీ పని అందులో కనపడాలి.

చదువుకునే పిల్లలుంటే ఐటీఐలో మేసన్ ట్రేడ్ ఉంది. ఎనిమిది పాసైతే చాలు, ఒక ఏడాది. పల్లెల్లో ఉన్నవాళ్లకు గ్రామీణ ఆవాస్ యోజన కింద రూరల్ మేసన్ శిక్షణ ఉంది. 45 రోజులు, బల్లల మీద కూర్చోబెట్టి కాదు, నిజమైన ఇల్లు కడతా నేర్పుతారు. ఇంకా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోనివాళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజే చేసుకోండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండాలి, ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి. ఆ నమోదు వేరే, ఈ సర్టిఫికెట్ వేరే. రెండూ కావాలి.

ఎందుకు అని అడగడం అలవాటైతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. 2021 నవంబరు వానల్లో మన ఎమ్మార్‌పల్లి వైపు ఒక ఇంట్లో భూమిలో దించిన సిమెంటు రింగుల నీళ్లతొట్టి పైకి లేచి వచ్చింది, గుర్తుందా? కడుగుతా ఉన్నప్పుడు లేచింది. ఊరంతా పోయి చూసినారు, మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. నేను కూడా పోయినాను. పదేళ్ల కిందటైతే నేనూ దండం పెట్టి వచ్చేవాణ్నేమో. ఆ రోజు మాత్రం నిలబడి ఆలోచించినాను. చుట్టూ భూమి నీళ్లతో నిండి ఉంది. తొట్టి నిండుగా ఉన్నంతసేపు లోపలి నీళ్ల బరువు దాన్ని కిందికి నొక్కి పట్టింది. కడగడానికి ఖాళీ చేయగానే అది పడవ అయింది. పడవ నీళ్లలో తేలక ఏం చేస్తుంది? అప్పటినుంచి నేను సంపు కట్టిన ప్రతి ఇంట్లో చెప్తాను, వానల నెలల్లో సంపు మొత్తం ఖాళీ చేయొద్దు అని. అడుగు స్లాబును గోడల బయటికి ఒక అడుగు పొడిగిస్తాను, పైన మట్టి కూర్చుని దాన్ని పట్టుకుంటుంది.

కండక్టరాయన ఇంటికి మళ్లీ పోయినాను. సర్టిఫికెట్ వచ్చిన వారమే పోయినాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాగితం చూపించలేదు. "మీరు మూడేళ్ల కిందట ఒక మాట అడిగినారు, జవాబు తెచ్చినాను" అన్నాను. నీళ్ల సంగతి, పోట్ల సంగతి, తప్పు నాదేనని అంతా చెప్పినాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి చూసి, "కాఫీ పెట్టమ్మా, మేస్త్రి వచ్చినాడు" అన్నాడు. రెండేళ్లకు వాళ్లబ్బాయి పైన మిద్దె వేయాలనుకున్నప్పుడు నన్నే పిలిచినాడు. ముందు ఇంజినీరును పిలిపించి కింది స్లాబు, పిల్లర్లు చూపించినాను. హాలు మధ్యలో ఒక బీము వేయమని ఇంజినీరు అన్నాడు, వేసినాము. ఆ రోజు పొద్దున మిషన్ పక్కన మొదట దించింది శంకువే.

ఆ శంకువును ఈ రోజు కూడా తెచ్చినాను. అన్నాలు తిన్న తర్వాత వెనక వాకిట్లో రండి. సిమెంటు ఒక బస్తా ఉంది, కొలత పెట్టె ఉంది, పెయింటు డబ్బా ఉంది. రాత్రి జల్లుకు ఇసుక తడిసింది. ముప్పై లీటర్లలో ఎంత తగ్గించాలో నేను చెప్పను, చేత్తో పిండి చూసి మీరే చెప్పాలి. గొట్టం ఎత్తేది మాత్రం ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లలో ఒకరు.